ఖిడ్కీ, రోషన్‌దాన్, ఛజ్జా: మన ఇళ్ల హవా తారీఖ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు బస్తీల్లో ఏ కొత్త కాలనీలోకి పోయినా ఒకటే మంజర్. తెల్లటి యూపీవీసీ ఫ్రేము, నీలం రంగు అద్దం, పక్కకు జరిగే రెక్క, పైన జానెడు ఛజ్జా. కొన్నింటికి అది కూడా ఉండదు. పడమటి గోడకు తలుపంత అద్దం, దాని పక్కనే ఏసీ డబ్బా. 'ఎండకు ఆగే కిటికీలు' అని దుకాణందారు చెప్తాడు, మనం కొంటాం. మే నెల రాగానే అదే కిటికీకి లోపలి నుంచి దుప్పటి కట్టుకుంటాం.

ఎండ ఈ ఇలాఖాకు కొత్త మెహమాన్ కాదు. సూర్యాపేట పాత పేరు భానుపురి. పేరులోనే సూరీడున్న ఊరు. మూడు ఊళ్లూ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఏటా మే 8 అటూ ఇటూగా ఒకసారి, ఆగస్టు 5 అటూ ఇటూగా ఇంకోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. నిలువు కర్రకు నీడ పడదు. కరెంటు లేని జమానాలో ఇదే ఎండ కింద తరాలకు తరాలు బతికాయి. వాళ్లు ఖిడ్కీ ఎట్లా పెట్టుకున్నారు? ఆ ఇల్మ్ మన చేతుల్లోంచి ఎప్పుడు జారిపోయింది? ఇల్లు కట్టుకునేవాళ్లు అద్దం ధర అడిగే ముందు ఈ తారీఖ్ తెలుసుకుంటే ఫాయిదా ఉంటుంది.

ఒక చౌకట్‌లో ఎన్ని జబాన్‌లు

మన ఇంటి మాటలు ఒకసారి వినండి. దర్వాజా ఫార్సీ మాట. తెలంగాణలో హిందువుల ఇళ్లల్లో కూడా కొత్త ఇల్లు కడితే 'దర్వాజ ఎత్తుడు' అని ముహూర్తం పెడతారు, పసుపు రాస్తారు, మామిడాకులు కడతారు. ఖిడ్కీ మాత్రం అరబ్బీ కాదు, ఫార్సీ కాదు. ఈ దేశపు ప్రాకృతాల్లోంచి వచ్చిన మాట. తెలుగు కిటికీ, ఉర్దూ ఖిడ్కీ ఒకే ఖాందాన్. ఛజ్జా, జాలీ కూడా ఈ మట్టివే. రోషన్‌దాన్ మళ్లీ ఫార్సీ. పాన్‌దాన్‌లో పాన్ ఉన్నట్టు రోషన్‌దాన్‌లో రోష్నీ. 'ఇది మాది, అది మీది' అని కొట్లాడేవాళ్లు తమ ఇంటి చౌకట్ వైపు ఒకసారి చూస్తే చాలు, ఎన్ని జబాన్‌లు కలిస్తే ఆ ఇల్లు నిలబడిందో తెలుస్తుంది.

ఇవి ఉత్త మాటలు కావు. ఒక్కో మాట ఒక్కో పని. ఖిడ్కీ గాలికి. రోషన్‌దాన్ పైన చేరిన వేడి బయటికి పోవడానికి. ఛజ్జా నీడకు. జాలీ చాటుకు. దర్వాజా మనిషికి. పాత ఇంట్లో ఐదు పనులు ఐదుగురు చేసేవారు. ఇవాళ ఒక్క దర్వాజాను వదిలేసి, మిగిలిన నాలుగు పనులూ ఒక్క అద్దం పలక మీద వేసి, అది చేయలేకపోతే కరెంటు బిల్లుతో పూడుస్తున్నాం.

పాత ఇల్లు అంటే మందపాటి మట్టి గోడలో రాతి గోడలో, పైన గూన పెంకులో మట్టి మిద్దెనో. నడుమ ఖుల్లాగా వదిలిన జాగా. ముస్లిం ఇంట్లో దాన్ని సహన్ అన్నారు, దాని చుట్టూ దాలాన్. తెలుగు ఇంట్లో మండువా అన్నారు, భవంతి అన్నారు. వెలుగు, గాలి ప్రధానంగా అక్కణ్నుంచే వచ్చేవి. అందుకే వీధి గోడకు పెట్టే ఖిడ్కీ చిన్నది. చెక్క రెక్కలు, ఇనుప చువ్వలు, అద్దం లేదు. రెక్కల్లో కూడా పై జత వేరు, కింది జత వేరు. కింది రెక్కలు మూసి పై రెక్కలు తెరిస్తే చాటుకు చాటు, హవాకు హవా.

దాన్ని వాడే తరీఖా కూడా ఉండేది. పొద్దెక్కంగనే కిటికీలు ముయ్యాలి, పొద్దూకంగనే తెరవాలి. ఇది పాతకాలపు చాదస్తం కాదు, పక్కా హిసాబ్. మే నెల పగటి పూట బయటి గాలి లోపలి గాలికంటే వేడి. ఆ వేళ కిటికీ తెరిస్తే వేడిని దావత్‌కు పిలిచినట్టే. రాత్రి బయటి గాలి చల్లబడుతుంది. అప్పుడు తెరిస్తే గోడలు పగలంతా తాగిన వేడిని కక్కేస్తాయి. తెల్లారేసరికి చల్లబడిన ఆ గోడలే మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంటిని కాస్తాయి.

పర్దా ఉండాలి, హవా ఉండాలి

గరమ్ ముల్కుల్లో ఖిడ్కీతో ఇంకో మసలా ఉంది. బయటి నజర్ లోపల పడొద్దు, లోపలివాళ్లకు గాలి ఆగొద్దు. ఇస్లామీ ఫిఖ్‌హ్‌లో దీని మీద పెద్ద బహస్‌లే జరిగాయి. 14వ శతాబ్దంలో ట్యునీస్ నగరంలో ఇబ్న్ అల్ రామీ అనే ఆయన ఉండేవాడు. ఇళ్లు కట్టే పనిలో ఆరితేరినవాడు, ఖాజీ దగ్గరికి వచ్చే కట్టడాల తగాదాల్లో రాయ్ చెప్పేవాడు. గోడలు, కిటికీలు, పడోసీల హక్కుల మీద ఆయన ఏకంగా ఒక కితాబ్ రాశాడు. పడోసీ సహన్‌లోకి తొంగిచూసే కిటికీ పెట్టొచ్చా, పెడితే ఎంత ఎత్తున పెట్టాలి అన్నవి ఆ జమానాలో అదాలత్‌కెక్కిన సవాళ్లు.

కైరోలో ఈ మసలాకు మష్రబియ్యా జవాబు. చెక్క ముక్కలను కడ్డీల్లా చెక్కి, అల్లిక పనిలా కలిపి, గోడలోంచి బయటికి దూసుకొచ్చేట్టు కట్టిన ఖిడ్కీ. దాని పేరు తాగడం అనే అర్థమున్న అరబ్బీ మాటలోంచి వచ్చిందని ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతహీ (1900-1989) రాశాడు. మన షర్బత్ కూడా ఆ మాట ఖాందానే. ఆ కిటికీలో మంచినీళ్ల మట్టి కుండలు పెట్టేవారు. గాలి తగిలి నీళ్లు చల్లబడేవి, ఆ తడి తగిలి గాలీ చల్లబడేది. మన ఇళ్లల్లో కిటికీ అరుగు మీద కూజా పెట్టినవాళ్లకు ఈ ఫతహీ మాటలు కొత్తగా అనిపించవు. కూజా కూడా ఫార్సీ నుంచి వచ్చిన మాటే.

మన దగ్గర ఆ పని జాలీ చేసింది. హనుమకొండ వేయి స్తంభాల గుడిలో ద్వారాల పక్కన కాకతీయుల శిల్పులు రాతిని తొలిచి జాలీలు చేశారు. హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గరి పైగా మఖ్బరాల్లో కారీగర్లు పాలరాతి మీద, గచ్చు మీద లెక్కలు వేసి జాలీలు తీర్చారు. మజహబ్ వేరు, సల్తనత్ వేరు, హునర్ ఒకటే. ఎండ ముక్కలై వస్తుంది, గాలి ఆగదు. లోపలివాళ్లు బయటికి చూస్తారు, బయటివాళ్లకు లోపల కనపడదు.

ఇవాళ్టి తెల్లద్దం కిటికీ ముందు నిలబడి ఆలోచించండి. అద్దంలోంచి అంతా కనపడుతుంది కాబట్టి పర్దా వేస్తాం. పర్దా వేశాక గాలి బంద్. ఎదురింటి కిటికీ నాలుగడుగుల దూరంలో ఉన్న మొహల్లాల్లో ఆ కిటికీ ఇక తెరుచుకోదు. పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు? అమ్మీలు, నానీలు, బాలింతలు, ముసలి అబ్బాలు. ఇజ్జత్ కావాలంటే హవా వదులుకో, హవా కావాలంటే ఇజ్జత్ వదులుకో అని మన పెద్దలు ఏనాడూ అనలేదు. రెండూ ఇచ్చే జాలీ కట్టారు. ఆ రెంటి మధ్య తగవు పెట్టింది అద్దం.

ఖస్ తడకల నుంచి కూలర్ దాకా

అక్బర్ బాద్‌షా దర్బార్ వివరాలన్నీ రాసిన అబుల్ ఫజల్ తన ఆయీన్-ఎ-అక్బరీలో ఖస్ గురించి కూడా రాశాడు. ఖస్ అంటే వట్టివేరు. దాన్ని వెదురు చట్రాల్లో కూరి, ద్వారాలకూ కిటికీలకూ కట్టి, నీళ్లు చల్లేవారు. వేడి గాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి, ఖుష్బూతో లోపలికి వచ్చేది. మొగల్ మహళ్ల నుంచి ఇది నవాబుల దేవిడీలకు, అంగ్రేజు అఫ్సర్ల బంగళాలకు పాకింది. పడమటి గాడ్పు పొడిగా కొట్టే రోజుల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గాల్లోనే తేమ ఉంటే పనిచేయదు.

మన కూలర్ ఈ ఖస్ తడకకు మనవడు. వట్టివేరు పోయి చెక్కపీచు వచ్చింది. ఆనాడు గాలి దానంతట అది వచ్చేది, ఇప్పుడు ఫ్యాను లాగుతుంది. ఉసూల్ అదే. ఒక ఫరక్ గుర్తు పెట్టుకోండి. కూలర్‌కు ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే గది ఉక్కపోతతో నిండుతుంది. ఏసీకి అన్నీ మూసి ఉండాలి. కూలర్ జమానాలో ఖిడ్కీ ఇంకా బతికే ఉంది. ఏసీ వచ్చాక అది గోడలో కలిసిపోయింది.

గడీకి గోడ, గుడిసెకు చీకటి

ఖిడ్కీ తారీఖ్ అంటే హుకూమత్ తారీఖ్ కూడా. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది. ఆ పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలను ఇటుకలతో పూడ్చుకున్నారు. గరీబుల గదులు చీకటైపోయి బీమారీలు పెరిగాయని డాక్టర్లు మొత్తుకుంటే చివరికి రద్దు చేశారు.

నిజాం జమానా నల్లగొండ జిల్లాలో అట్లాంటి పన్ను అవసరమే పడలేదు, జులుం వేరే దారిలో వచ్చింది. దొరల గడీలకు ఎత్తు గోడలు, బురుజులు, పెద్ద దర్వాజా. గాలీ వెలుగూ లోపలి వాకిళ్లకు, బయటి జనానికి ఉత్త గోడ. వడ్లవాళ్లు, కమ్మరివాళ్లు, కుమ్మరివాళ్లు దొరలకు వెట్టి చేయాల్సిందే. గడీ తలుపు చెక్కిన చేతులకు కూలి లేదు. ఆ చేతులవాళ్ల గుడిసెలకు కిటికీ లేదు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడ్ జన్నారెడ్డి దొరల గడీ పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్లు వణికేవి. అదే ఇలాఖాలో, కోదాడ దగ్గరి చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి సదారత్‌లో ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి రద్దు కావాలన్న ఆవాజ్ ఊళ్లకు చేరింది. 1952లో ఇదే హుజూర్‌నగర్ జనం మఖ్దూం మొహియుద్దీన్‌ను అసెంబ్లీకి పంపారు. గడీ గోడలకు అవాం ఇచ్చిన జవాబుల్లో అదొకటి.

గరీబు ఇంటికి కిటికీ ఉండటం హక్కు అన్న ఖయాల్ సర్కార్ వైపు నుంచి వచ్చింది మాత్రం హైదరాబాద్ నగరంలో. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. ఆ తర్వాత ప్లేగు వచ్చింది. 1912లో ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్ 'ఆరాయిష్-ఎ-బల్దా' అనే నగర అభివృద్ధి మండలిని ఏర్పరిచింది. ఇరుకు బస్తీలు తీసేసి, వెడల్పు రోడ్లు వేసి, గాలీ వెలుగూ వచ్చే చిన్న ఇళ్లు కట్టి కిరాయికి ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. హవా, రోష్నీ అన్నవి షౌక్ కాదు, సెహత్ అని ఒక సర్కారీ మహకమా అప్పుడు ఒప్పుకుంది. ఆ సోయి నగరం దాటి మన తాలూకాల దాకా రాలేదు.

సాగర్ నీళ్లు, సిమెంటు, అద్దం

మన మూడు ఊళ్ల సూరత్ మార్చింది నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పండింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది, చేతుల్లో పైసలు ఆడాయి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఎట్లాగూ ఉంది. 1982లో సిమెంటు మీద సర్కారీ కంట్రోల్ కొంత, 1989లో పూర్తిగా పోయింది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి.

స్లాబు ఇల్లు తుఫానుకు ఆగుతుంది, వాన కారదు. ఎవరూ దాన్ని తప్పు పట్టలేరు. కానీ స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా లోపలికి కక్కుతుంది. సహన్‌కు జాగా లేదు. నాలుగు అంగుళాల గోడలు. మొదట్లో రోషన్‌దాన్ బతికింది. సిమెంటు జాలీ రూపంలో 1970, 80ల ఇళ్లల్లో దాన్ని ఇప్పటికీ చూడొచ్చు. తర్వాత దోమలు వస్తాయని, దుమ్ము వస్తుందని, ఏసీ చల్లదనం పోతుందని దాన్నీ పూడ్చేశారు.

చెక్క కూడా దూరమైంది. 1980 అడవుల సంరక్షణ చట్టం తర్వాత, 1996 సుప్రీంకోర్టు హుకుంల తర్వాత టేకు గరీబుకే కాదు, మధ్య తరగతికి కూడా భారమైంది. ఇనుప కిటికీలు, ఆ వెనక అల్యూమినియం, ఆ వెనక యూపీవీసీ వచ్చాయి. ఇదే కాలంలో పెద్ద పెద్ద అద్దం పలకలు దేశంలోనే తయారవడం పెరిగింది. 2000లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ ఫ్యాక్టరీ మొదలైంది. చల్లటి ముల్కుల్లో ఎండ నేమత్. అక్కడ పెద్ద అద్దం పెట్టి ఎండను లోపల దాచుకుంటారు. ఆ నమూనా అట్లనే మన పడమటి గోడకెక్కింది.

అద్దం గుణం తెలుసుకోవాలి. సూర్యుడి వెలుగును అది లోపలికి రానిస్తుంది. ఆ వెలుగు గచ్చుకు, మంచానికి తగిలి వేడిగా మారితే, ఆ వేడిని మళ్లీ బయటికి పోనివ్వదు. మామూలు తెల్లద్దం మీద పడిన ఎండ వేడిలో 100కి 80 పాళ్ల దాకా ఇంట్లోకి దిగుతుంది. లోపల పర్దా వేస్తే వెలుగు ఆగుతుంది గానీ, వేడి అప్పటికే అద్దం దాటి ఉంటుంది. అందుకే పెద్దలు నీడను గోడ బయట కట్టారు. ఛజ్జా, వెదురు చిక్, ఖస్ తడక, ఇంటి ముందు వేపచెట్టు, అన్నీ బయటే.

ఇప్పుడు ఏం ఎంచుకోవాలి

ఈ తారీఖ్ అంతా చెప్పింది 'అద్దం హరామ్' అనడానికి కాదు. దేనికి ముందు ఖర్చు పెట్టాలో చెప్పడానికి.

మొదటిది దిక్కు. దక్షిణం కిటికీని కాపాడటం ఆసాన్. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినో కొంచెం ఉత్తరానో ఉంటాడు కాబట్టి రెండడుగుల ఛజ్జా సరిపోతుంది. పడమర అట్లా కాదు. మే నెల సాయంత్రం 4 గంటలకు ఎండ ఏటవాలుగా వస్తుంది. అదే రెండడుగుల ఛజ్జా అప్పుడు ఇచ్చే నీడ దాదాపు అడుగున్నర. 5 గంటలకు అడుగు కూడా ఉండదు. పడమటి కిటికీ చిన్నగా ఉండాలి. దానికి ఛజ్జాతో పాటు బయట నిలువు జాలీయో, చిక్కో, చెట్టో కావాలి.

రెండోది ఎంత తెరుచుకుంటుందన్నది. దేశంలో ఇళ్ల కోసం 2018లో వచ్చిన 'ఎకో నివాస్ సంహిత' దీనికి హిసాబ్ కట్టింది. ఇంటి నేల వైశాల్యంలో తెరుచుకునే భాగం మిశ్రమ వాతావరణంలో కనీసం 12.5 శాతం, ఉక్క ఎక్కువున్న వేడి ఇలాఖాలో 16.66 శాతం ఉండాలి. ఆ లెక్క ఒక 10 బై 12 గదికి వేస్తే 15 నుంచి 20 చదరపు అడుగులు. దుకాణంలో చూపించే 4 బై 4 జారుడు కిటికీ 16 అడుగులే కదా అంటారు. కానీ రెండు రెక్కల జారుడు కిటికీ తెరుచుకునేది సగమే, 8 అడుగులు. బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. మన పాత చెక్క కిటికీ ఈ ఇంతెహాన్‌లో ఎప్పుడో పాసైంది. గాలి ఒక గోడ నుంచి వచ్చి ఇంకో గోడ నుంచి పోవాలన్నది కూడా మరవొద్దు.

అద్దం మూడోది. దుకాణందారును ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని అడగండి. ఎండ వేడిలో ఎంత వాటా లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. 0.8 అంటే మామూలు అద్దం. 0.3 దగ్గర ఉంటే మంచిది. నీలం రంగు చూసి ధోకా తినొద్దు. ఉత్త రంగు అద్దం కొంత ఎండను తాగి తానే వేడెక్కి, ఆ వేడిలో కొంత మీకే ఇస్తుంది. రెండు పొరల అద్దం రోజంతా ఏసీ నడిచే గదికి పనికొస్తుంది. కిటికీలు తెరుచుకుని బతికే ఇంటికి ఆ పైసలు ఛజ్జా మీద, దోమల జాలీ మీద, స్లాబు పైన తెల్ల సున్నం మీద పెట్టడం అఖల్‌మంద్ పని. 2023లో తెలంగాణ సర్కార్ ఐదేళ్ల కోసం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా ఆ తెల్ల కప్పు మాటే చెప్పింది.

2015 మే నెలలో దేశంలో వడదెబ్బకు 2,000 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. ఎండన కూలికి పోయినవాళ్లు, ముసలివాళ్లు. పగలంతా ఎండలో కాలిన ఒళ్లు రాత్రి చల్లబడాలంటే పడుకునే గది చల్లబడాలి. ఏసీ ఉన్నవాళ్ల మాట వేరు. రైస్ మిల్లు హమాలీ, సిమెంటు ఫ్యాక్టరీ కాంట్రాక్టు మజ్దూర్, ఆటో నడిపే భాయ్ ఉండేది కిరాయి గదుల్లో. ఒక దర్వాజా, ఒక కిటికీ, రెండూ ఒకే గోడకు. వెనక గోడ గుడ్డిది. ఆ గదిలో గాలి వచ్చే దారి ఉంది గానీ పోయే దారి లేదు.

కిరాయి గదులు కట్టే మాలిక్‌లకు ఒక గుజారిష్. వెనక గోడకు, స్లాబు కింద జానెడు దిగువన, అడుగు బై రెండడుగుల రోషన్‌దాన్ ఒకటి వదలండి. సిమెంటు జాలీ పెట్టి, వెనక దోమల తెర కొట్టించండి. ఎవరి ఇజ్జత్‌కూ భంగం రాదు, ఎత్తున ఉంటుంది కాబట్టి పడోసీకి తక్లీఫ్ లేదు, ఖర్చు ఒక మేస్త్రి పూట కూలి. కిరాయిదార్ల బిడ్డలు ఆ రాత్రి నిద్రపోతారు.